మనవాణ్ణి క్లయింటు ఎగరేసుకుపోతే...

చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు నడుపుకుంటున్న స్నేహితులు నలుగురు కలిస్తే మాటలు ఎక్కడ మొదలైనా చివరికి చేరేది ఒకచోటికే. "కాలేజీ నుంచి తెచ్చుకున్నాం, ఏడాదిపాటు జీతమిచ్చి పని నేర్పాం, మంచి ప్రాజెక్టు చూసి క్లయింటు దగ్గర కూర్చోబెట్టాం. రెండేళ్ళు తిరిగేసరికి క్లయింటు బ్యాడ్జీ మెళ్ళో వేసుకుని మీటింగుకొచ్చి మనకే డెడ్‌లైన్లు చెప్తున్నాడు!" ఆ వెనకే ఏరు దాటి తెప్ప తగలేసిన సామెత, ఈ కాలం పిల్లల విశ్వాసం మీద నాలుగు అక్షింతలు.

ఇప్పుడు ఆ పిల్లలు టీ తాగే చోటికెళ్ళి వినండి. "పొద్దున్నుంచి రాత్రిదాకా నేను చేసేది క్లయింటు పని. స్టేటస్ చెప్పేది క్లయింటు మేనేజరుకి. సెలవు కావాలన్నా ముందు ఆయన్నే అడగాలి. మా కంపెనీ గుర్తొచ్చేది నెలాఖర్న పే స్లిప్ వచ్చినప్పుడు, ఏడాదికోసారి అప్రైజల్లో చెయ్యి చూపించినప్పుడు. మరి నేను ఎవరి ఉద్యోగిని?"

రెండూ నిజమే. అందుకే ఈ గొడవ తెగదు. నేను చిన్న కంపెనీల్లో కోడు రాశాను, టీములు నడిపాను, కొన్నాళ్ళు క్లయింటు కుర్చీలో కూర్చుని వెండర్ల బిల్లుల మీద సంతకాలు కూడా పెట్టాను. మూడు వైపుల నుంచీ చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగికి తాళం వేస్తే ఆగడు. ధర చెప్పాల్సింది క్లయింటుకి. ఉద్యోగికి చూపించాల్సింది ఉండటానికి ఒక కారణం. చాలా కంపెనీలు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తున్నాయి: క్లయింటు దగ్గర మొహమాటపడి నోరు మూసుకుంటాయి, ఉద్యోగి మీద మాత్రం బాండ్లు రాయించుకుంటాయి.

అసలు ఈ జారిపోవడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఎవరో కుట్ర పన్ని లాక్కుపోయేది తక్కువ. క్లయింటు వైపు నుంచి ఆలోచించండి. కొత్తవాణ్ణి తీసుకోవాలంటే ప్రకటన ఇవ్వాలి, వందమంది రెజ్యూమెలు చూడాలి, నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ చెయ్యాలి, అయినా వచ్చినవాడు ఎలాంటివాడో ఆర్నెల్లకి గానీ తెలీదు. మీరు పంపినవాడిది రెండేళ్ళ ఇంటర్వ్యూ. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు ఏం చేశాడో, తప్పు జరిగితే ఒప్పుకున్నాడో లేదో, వాళ్ళ పాత కోడులో ఏ మూల ఏ పాముందో అతనికెంత తెలుసో అంతా కళ్ళారా చూశారు. ఇంతకంటే నమ్మకమైన అభ్యర్థి వాళ్ళకి లోకంలో దొరకడు.

పైగా లెక్క కూడా వాళ్ళకి అనుకూలంగానే ఉంటుంది. అంకెలు ఉదాహరణకి మాత్రమే వేస్తున్నాను, మీ కంపెనీవి మీరు వేసుకోండి. ఒక ఇంజనీరుకి క్లయింటు నెలకి 2 లక్షలు కడుతున్నాడనుకుందాం. మనవాడి జీతం 1 లక్ష. క్లయింటు 1 లక్షా 40 వేలు ఇస్తానంటాడు. పి.ఎఫ్., ఇన్సూరెన్సు, కుర్చీ, కంప్యూటరు కలిపి ఇంకో పాతిక వేలు ఖర్చనుకున్నా క్లయింటుకి నెలకి 35 వేలు మిగులు. మనవాడికి 40 శాతం హైకు. ఇద్దరూ లాభపడే బేరాన్ని మధ్యలో మూడోవాడు ఎంతకాలం ఆపగలడు?

ఇక్కడే ఉద్యోగులు చేసే పొరపాటు లెక్క ఒకటుంది. "నా మీద కంపెనీ నెలకి లక్ష తింటోంది" అనుకుంటారు. ఆ లక్షలో మొదటి పాతిక వేలు పైన చెప్పిన పి.ఎఫ్., కుర్చీ ఖర్చులకే పోతాయి. బెంచి మీద కూర్చున్నవాళ్ళ జీతాలు, కొత్తవాళ్ళ ట్రైనింగు ఓ 20 వేలు. ఆ క్లయింటుని తెచ్చిన మార్కెటింగువాళ్ళకి, మేనేజర్లకి, ఎకౌంట్స్‌కి ఓ 20 వేలు. క్లయింటు 60 రోజులకో 90 రోజులకో బిల్లు కడితే ఈలోగా జీతాలివ్వడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఓ 10 వేలు. మిగిలేది పాతిక వేలు. అది కూడా అందరూ బిల్లింగులో ఉన్న మంచి నెలల్లో. పెద్ద కంపెనీలో పదిమంది పోతే ఎక్సెల్ షీటులో ఒక గడి రంగు మారుతుంది. నలభైమంది ఉన్న కంపెనీలో ముగ్గురు పోతే ప్రాజెక్టు పోతుంది, ప్రాజెక్టు పోతే మరో పదిమంది బెంచి మీదకొస్తారు, ఆ పదిమంది జీతాల కోసం ఓనరు ఇంటి కాగితాలు బ్యాంకులో పెడతాడు. అతని భయం దొంగ భయం కాదు. ఆ భయంతో చేసే పనుల్తోనే నా పేచీ.

ఏం చేస్తారు? మన హైదరాబాదులో అందరికీ తెలిసిన చిట్టానే. చేరేటప్పుడే రెండేళ్ళ బాండు. ఒరిజినల్ సర్టిఫికెట్లు "వెరిఫికేషన్ కోసం" తీసుకుని బీరువాలో పెట్టుకోవడం. కొన్నిచోట్ల సంతకం పెట్టిన ఖాళీ చెక్కు. నోటీస్ పీరియడ్ ఒక నెల నుంచి మూడు నెలలకి సాగదీయడం. చివరి అస్త్రం, రిలీవింగ్ లెటర్ తొక్కిపట్టడం.

వీటి ఫలితం నేను దగ్గర్నుంచి చూశాను. పేరు అనవసరం గానీ, మాదాపూర్‌లో నేను పని చేసిన ఓ కంపెనీ ఉండేది. అరవైమందిమి. ఆదాయంలో సగానికి పైగా ఒక్క క్లయింటు నుంచే. ఆ క్లయింటు గచ్చిబౌలిలో సొంత సెంటరు తెరిచాడు. మొదటి మూణ్ణెల్లలో మావాళ్ళు నలుగురు అటు దూకారు. మేనేజ్‌మెంటు ఉలిక్కిపడి అందరికీ నోటీస్ పీరియడ్ మూడు నెలలు చేసింది, క్లయింటు దగ్గర చేరేవాళ్ళకి రిలీవింగ్ లెటర్ ఇచ్చేది లేదంది. ఆ నలుగురిలో టెస్టింగ్ చూసే అమ్మాయి ఒకామె. నోటీసు మొత్తం సర్వ్ చేసింది, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ డాక్యుమెంట్లు వంద పేజీలు రాసిచ్చింది. అయినా ఐదు నెలలపాటు లెటర్ ఇవ్వలేదు. అక్కడ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఆగిపోయి, వచ్చిన ఉద్యోగం పోతుందేమోనని ఆవిడ రిసెప్షన్లో గంటలు గంటలు కూర్చునేది. ఆ దారినే మేమంతా రోజూ లోపలికి వెళ్ళేవాళ్ళం.

తర్వాత ఆర్నెల్లలో ఇరవైమందికి పైగా మానేశారు. అందులో ఎక్కువమంది వెళ్ళింది ఆ క్లయింటు దగ్గరికి కాదు, ఎక్కడ దొరికితే అక్కడికి. "రేపు నాకూ ఇదే గతి" అన్న ఆలోచన ఒక్కటి చాలు, మనిషి నౌకరీలో రెజ్యూమె అప్‌డేట్ చెయ్యడానికి. క్లయింటు తీసుకుంది నలుగుర్ని, బెదిరింపు పంపించింది ఇరవైమందిని.

సరే, మంచీ చెడూ పక్కన పెట్టి, ఈ కాగితాలు చట్టం ముందు ఎంతవరకు నిలబడతాయి? నేను లాయర్ని కాదు, అవసరం పడి చదివినంతలో చెప్తున్నాను. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుపడే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. "ఇక్కడ మానేశాక రెండేళ్ళు మా క్లయింటు దగ్గర చేరను" అని ఉద్యోగి చేత రాయించుకున్న కాగితం ముందుగా ఈ గోడకే కొట్టుకుంటుంది. క్రికెట్ చూసేవాళ్ళకి జహీర్ ఖాన్ కేసు గుర్తుండొచ్చు. ఆయన మార్కెటింగ్ వ్యవహారాలు చూసిన పర్సెప్ట్ డీమార్క్ కంపెనీ, ఒప్పందం గడువు అయిపోయాక కూడా ఆయన వేరే ఏజెన్సీతో కుదుర్చుకునే ముందు తమకే మొదటి అవకాశం ఇవ్వాలంది. ఒప్పందం ముగిశాక కూడా వెంటాడే అలాంటి షరతు 27వ సెక్షన్ కింద చెల్లదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది.

అలాగని బాండ్లన్నీ చిత్తు కాగితాలని అనుకోవద్దు. ఉద్యోగంలో ఉన్న కాలానికి వర్తించే షరతు వేరు, మానేశాక వర్తించేది వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతుని సమర్థించింది. అయితే అక్కడ కోర్టు చూసింది ప్రభుత్వ రంగ బ్యాంకుకి మళ్ళీ ప్రకటనిచ్చి, పోటీ పెట్టి, మనిషిని తీసుకోవడానికయ్యే ఖర్చు, శ్రమ. మూడు వారాలు పాత వీడియోలు చూపించి దాన్ని ట్రైనింగ్ అని పిలిచి 5 లక్షలు రాయించుకున్న కంపెనీ ఆ తీర్పుని చూసి సంబరపడక్కర్లేదు. 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసుకున్న అంకె పైపరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది దానికి లోబడి సబబైన పరిహారం. ఇక సర్టిఫికెట్ల సంగతి. మనిషి చదువుకుని సంపాదించుకున్న కాగితాన్ని తాకట్టు పెట్టుకునే కంపెనీకి విశ్వాసం గురించి మాట్లాడే అర్హత లేదని నా నిశ్చితాభిప్రాయం.

అమెరికాలో మనవాళ్ళు నడిపే కన్సల్టెన్సీలదీ ఇదే గొడవ, కాస్త ముదిరిన రూపంలో. అక్కడ హెచ్-1బి మీదున్న ఉద్యోగికీ ఎండ్ క్లయింటుకీ మధ్య ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు వెండర్లు ఉంటారు, తలా కొంత కోసుకుంటారు. నేరుగా క్లయింటు దగ్గర చేరితే ఆ కోతలన్నీ మిగులుతాయి. గడువుకి ముందే మానేసినందుకు హెచ్-1బి ఉద్యోగి నుంచి యజమాని పెనాల్టీ వసూలు చెయ్యకూడదని అక్కడి రూల్సు చెప్తాయి. నిజమైన నష్టపరిహారానికీ పెనాల్టీకీ తేడా ఆ రాష్ట్రపు చట్టాన్ని బట్టి తేలుతుంది. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని, హెచ్-1బి హోదా సక్రమంగా ఉన్న ఉద్యోగి కొత్త యజమాని పిటిషన్ వెయ్యగానే అక్కడ పని మొదలుపెట్టొచ్చు, అది ఆమోదం పొందేదాకా ఆగక్కర్లేదు. అయినా సరే "లాయర్ నోటీసు పంపిస్తాం" అన్న ఒక్క మాటకి భయపడి ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళు మనలో ఎంతమందో.

మరి చిన్న కంపెనీకి రక్షణే లేదా? ఉంది, కానీ అది ఉద్యోగితో రాసుకునే కాగితంలో కాదు, క్లయింటుతో రాసుకునే కాగితంలో. 2006లోనే ఢిల్లీ హైకోర్టు ముందుకి విప్రోకీ బెక్‌మన్ కూల్టర్‌కీ మధ్య ఒక కేసు వచ్చింది. బెక్‌మన్ వైద్య పరికరాల కంపెనీ, ఇండియాలో వాళ్ళ పరికరాల పంపిణీ విప్రో చూసేది. ఒకరి ఉద్యోగుల్ని ఒకరు రమ్మని పిలవకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. తర్వాత బెక్‌మన్ సొంతంగా మనుషుల్ని తీసుకోవడానికి ప్రకటన ఇచ్చింది, విప్రో కోర్టుకెళ్ళింది. కోర్టు చేసిన తేడా నాకు చాలా నచ్చింది. ఆ షరతు రెండు కంపెనీల మధ్యది, అది ఉద్యోగి చేతులు కట్టెయ్యదు కాబట్టి 27వ సెక్షన్‌కి విరుద్ధం కాదంది. అదే సమయంలో ఉద్యోగి తనంతట తాను వెళ్ళి చేరితే అతన్ని ఆపలేమంది. అంటే మాట తప్పిన కంపెనీని పరిహారం అడుగు, మనిషిని మాత్రం వదిలెయ్.

ఇది అన్ని దేశాల్లోనూ ఇలాగే నడుస్తుందనుకోవద్దు. కాలిఫోర్నియాలో విఎల్ సిస్టమ్స్ అనే కన్సల్టింగ్ కంపెనీ కూడా తన క్లయింటుతో ఇలాంటి షరతే రాయించుకుంది. ఆ క్లయింటు తర్వాత తీసుకున్న ఇంజనీరు వాళ్ళ ప్రాజెక్టులో ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. కంపెనీలో ఎవర్నీ తీసుకోకూడదనేంత వెడల్పు షరతుని అమలు చెయ్యమని 2007లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చేసింది. అందులో మనకో పాఠం ఉంది. షరతు ఎవరికి వర్తిస్తుందో, ఎంతకాలమో ఇరుగ్గా రాసుకోవాలి. ఆ ప్రాజెక్టులో పని చేసినవాళ్ళకే, ఏడాదికే.

కానీ అసలు చిక్కు చట్టంలో లేదండీ. నలభైమంది ఉన్న కంపెనీ తనకి అన్నం పెట్టే క్లయింటు మీద కేసు వేస్తుందా? చచ్చినా వెయ్యదు. అందుకే నా మటుకు నాకు "తీసుకోకూడదు" అని రాసుకోవడం కన్నా "తీసుకుంటే ఇంత" అని రాసుకోవడమే తెలివైన పనిగా కనిపిస్తుంది. నిషేధం రాస్తే దాన్ని దొంగచాటుగా దాటతారు, మీరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, లోపల్లోపల కుళ్ళుకుంటారు. ధర రాస్తే అది మామూలు ఇన్‌వాయిస్.

పై ఉదాహరణే తీసుకుందాం. మూడు నెలల బిల్లింగ్, అంటే 6 లక్షలు, కన్వర్షన్ ఫీజు అనుకుందాం. నెలకి పాతిక వేల చొప్పున అది కంపెనీకి రెండేళ్ళ మిగులుతో సమానం. క్లయింటుకి నెలకి 35 వేలు మిగులుతాయి కాబట్టి ఏడాదిన్నరలో ఆ ఫీజు రాబట్టుకుంటాడు. ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు. మనిషి అక్కడ రెండేళ్ళు పని చేశాక ఫీజు సగం, మూడేళ్ళయితే సున్నా అని మెట్లు పెట్టుకోవచ్చు. అప్పుడు క్లయింటు తొందరపడి లాక్కోడు, మీరూ మూడేళ్ళలో రావాల్సింది రాబట్టుకుంటారు. ఆ 6 లక్షల్లో ఒక లక్ష, పోయినవాడి పని మీదేసుకుని కొత్తవాడికి నేర్పే టీముకి పంచండి. మనిషి పోయినప్పుడల్లా భారం మొయ్యేది వాళ్ళు, చిల్లిగవ్వ దక్కనిదీ వాళ్ళకే.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ షరతు ఉన్నట్టు ఆ ఉద్యోగికి ముందే చెప్పాలి. మనలో చాలామందికి తమ గురించి రెండు కంపెనీలు ఇలాంటి ఒప్పందం రాసుకున్నాయని తెలియనే తెలియదు. ఇంటర్వ్యూ అయ్యాక "సారీ, మీ కంపెనీవాళ్ళని తీసుకోలేం" అన్నప్పుడు తెలుస్తుంది. మనిషి భవిష్యత్తుని అతని వీపు వెనక బేరం చెయ్యడం ఏం మర్యాద? అమెరికాలో యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబ్ లాంటివి ఒకరి ఉద్యోగుల్ని ఒకరు కదపకూడదని లోపాయికారీగా అనుకున్నందుకు 2010లో అక్కడి న్యాయశాఖ వాళ్ళమీద కేసు పెట్టింది. ఉద్యోగులు వేసిన దావాలో ఈ నాలుగూ కలిసి 415 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకోగా 2015లో కోర్టు ఆమోదించింది. అది పోటీదారుల మధ్య సంగతి, మనది వెండరూ క్లయింటూ సంగతి, రెండూ ఒకటి కాదు. కానీ ఉద్యోగికి తెలియకుండా అతని జీతానికి మూత పెట్టడం అన్న దుర్గుణం రెండింట్లోనూ ఒకటే. ప్రాజెక్టులో వేసే రోజునే "ఈ క్లయింటుతో ఇలా రాసుకున్నాం, నువ్వు వెళ్ళాలనుకుంటే దారి ఇది" అని చెప్పేస్తే ఆ మనిషి మీమీద పెట్టుకునే నమ్మకం వేరేగా ఉంటుంది.

ఇంతవరకు క్లయింటు వైపు. ఇక ఉద్యోగి ఉండిపోవడానికి కారణం ఎలా చూపించాలి? జీతం ఒక్కటే చాలదు, అలాగని జీతం వదిలేసి పిజ్జా పార్టీలు పెడితే నవ్విపోతారు. నేను చూసినంతలో పని చేసినవి కొన్ని.

మొదటిది, క్లయింటు దగ్గర ఒక్కణ్ణే వదిలెయ్యకండి. ఇద్దరు ముగ్గురిని కలిపి పంపండి, వాళ్ళలో ఒకరు మీ సీనియర్ అయ్యుండాలి. ఒంటరిగా ఉన్నవాడికి భోజనాల దగ్గర స్నేహితులు కూడా క్లయింటువాళ్ళే అవుతారు. మానసికంగా అతను మానేసి అప్పటికే ఏడాదై ఉంటుంది, కాగితం తర్వాతొస్తుంది. పదిహేను రోజులకోసారి అతన్ని మీ ఆఫీసుకి పిలవండి. "ఎలా ఉన్నావు" అని అడగడానికి కాదు, అక్కడ పరిష్కరించిన సమస్య మీ మిగతా ఇంజనీర్లకి చెప్పించడానికి. తనకో ఇల్లుందని మనిషికి అలాగే తెలుస్తుంది.

రెండోది, బిల్లింగ్ రేటు పెరిగినప్పుడు జీతం కూడా కదలాలి, అప్రైజల్ నెల దాకా ఆగకుండా. క్లయింటు రేటు పెంచిన సంగతి దాచగలమనుకోవడం అమాయకత్వం. క్లయింటు మేనేజరే కాఫీ తాగుతూ చెప్పేస్తాడు. నేను పై పేరాల్లో వేసిన లెక్కలాంటిది, బిల్లింగులో ఏది ఎటు పోతోందో, ఏడాదికోసారి ఉద్యోగులందరికీ చూపించిన ఓనరుని ఒకాయన్ని ఎరుగుదును. "నన్ను దోచుకుంటున్నారు" అన్న మాట ఆ ఆఫీసులో వినిపించేది కాదు. అక్కడ కూడా మానేసేవాళ్ళు మానేశారు, కానీ తిట్టుకుంటూ మానెయ్యలేదు.

మూడోది, ఏడాదిన్నరకో రెండేళ్ళకో ప్రాజెక్టు మార్చే అవకాశం ఇవ్వండి. ఇది క్లయింటుకి నచ్చదు, "మా వాణ్ణి మార్చొద్దు" అంటాడు. (గమనించారా, అప్పటికే "మా వాడు" అయిపోయాడు!) అయినా గట్టిగా ఉండాలి. చిన్న కంపెనీ ఇవ్వగలిగి, క్లయింటు ఇవ్వలేనిది ఇదొక్కటే. ఈ ఏడాది బ్యాంకు, వచ్చే ఏడాది ఆస్పత్రి, ఆ పైన ఇంకోటి. క్లయింటు దగ్గర చేరితే పదేళ్ళూ అదే అప్లికేషన్, అదే డేటాబేస్. ఇరవై ఏడేళ్ళ ఇంజనీరుకి ఈ తేడా విడమరిచి చెప్తే అర్థమవుతుంది. కానీ చెప్పాలంటే ముందు మీరు ఇచ్చి ఉండాలి. మూడేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చోబెట్టి "మా దగ్గర వెరైటీ ఉంది" అంటే ఎవరు నమ్ముతారు?

నాలుగోది, అన్నిటికన్నా కష్టమైంది. కంపెనీకంటూ సొంత సరుకు ఏదో ఒకటి ఉండాలి. పెద్ద ప్రాడక్టే కానక్కర్లేదు. ఒక రంగంలో లోతైన అనుభవం, పదేపదే వాడుకునే నాలుగు టూల్సు, సలహా అడిగితే చెప్పగల ఇద్దరు పెద్ద తలకాయలు. అవి ఉంటే క్లయింటు ఒక మనిషిని తీసుకున్నా కంపెనీ అవసరం తీరదు. అవి లేకపోతే మీరు అమ్ముతున్నది ఆ మనిషినే, ఆ మనిషి వెళ్ళిపోతే మీ కొట్లో సరుకు ఖాళీ. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు: రెజ్యూమెలు పంపి నెలనెలా మార్జిన్ తీసుకునే కంపెనీ నుంచి జనం క్లయింటు దగ్గరకి పోవడం దొంగతనం కాదు, మధ్యలో మనిషి అక్కర్లేదని ఇద్దరు తెలుసుకోవడం.

ఇప్పుడు హైదరాబాదులో ఈ విషయం ఇదివరకటికన్నా ముఖ్యం. ఒకప్పుడు క్లయింటు అంటే సముద్రాల అవతల ఉండేవాడు. అతని దగ్గర చేరాలంటే వీసా కావాలి. ఇప్పుడు విదేశీ కంపెనీల సొంత సెంటర్లు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో వందల్లో ఉన్నాయి. క్లయింటు దగ్గర చేరడమంటే మెట్రో స్టేషన్ మారడమంత. కొందరు దీన్ని కూడా వ్యాపారంగా మార్చుకున్నారు. మేమే టీముని కట్టి, కొన్నాళ్ళు నడిపి, మనుషులతో సహా మీకు అప్పగిస్తాం, దానికింత అని మొదటిరోజే రాసుకుంటారు. పారిపోవడం అని ఏడ్చేదాన్నే వీళ్ళు డెలివరీ అని బిల్లు వేస్తున్నారు.

ఉద్యోగులకి కూడా రెండు మాటలు చెప్పకపోతే ఏకపక్షం అవుతుంది. వెళ్ళండి, అది మీ హక్కు. కానీ క్లయింటు మేనేజరు భుజం తట్టినంత మాత్రాన అది ఆఫర్ కాదు, కాగితం చేతికొచ్చేదాకా రాజీనామా ఇవ్వకండి. నోటీసు పూర్తి చెయ్యండి, పని ఇంకొకరికి సరిగ్గా అప్పజెప్పండి, కంపెనీ కోడు పెన్ డ్రైవులో పట్టుకుపోకండి. ఇంకా ముఖ్యంగా, మీతోపాటు నలుగుర్ని పోగేసుకుపోకండి. మీరు వెళ్ళడం మీ ఇష్టం. వెళ్తూ వెళ్తూ కంపెనీ కూలిపోయేలా చెయ్యడం, అక్కడ మిగిలిన జూనియర్ల పొట్ట కొట్టడమే. ఇంకో సంగతి, క్లయింటు దగ్గర వెండర్‌గా ఉన్నప్పుడు కనిపించే క్లయింటు వేరు, ఉద్యోగిగా చేరాక కనిపించేది వేరు. బడ్జెట్ కోతలప్పుడు వెండరు మనిషిని అతని కంపెనీ ఇంకో ప్రాజెక్టులో వేసే అవకాశమన్నా ఉంటుంది. సొంత ఉద్యోగికి ఆ అవకాశం ఉండదు, గేటు బయటికే.

చివరిగా ఓనర్లకి. మెకిన్సీ లాంటి కన్సల్టింగ్ కంపెనీలు తమ దగ్గర మానేసినవాళ్ళని పూర్వ విద్యార్థుల్లా చూసుకుంటాయి. వాళ్ళ పేర్లు గొప్పగా చెప్పుకుంటాయి, సమావేశాలకి పిలుస్తాయి. మంచితనం కొద్దీ మాత్రమే కాదు. అలా వెళ్ళినవాళ్ళు రేపు ఏదో కంపెనీలో నిర్ణయాలు తీసుకునే కుర్చీలో కూర్చుంటారని వాళ్ళకి తెలుసు. మీ చిన్న కంపెనీకి కూడా ఈ సూత్రం అచ్చంగా వర్తిస్తుంది. నేను క్లయింటు కుర్చీలో ఉన్నప్పుడు కొత్త పని ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, ఆ వెండరు దగ్గర పని చేసి మా దగ్గర చేరినవాణ్ణే మొదట అడిగేవాణ్ణి, "వాళ్ళెలాంటివాళ్ళు?" అని. అతను చెప్పిన మాటే చాలాసార్లు ఫైనల్. రిలీవింగ్ లెటర్ కోసం ఐదు నెలలు రిసెప్షన్లో కూర్చోబెట్టిన కంపెనీ గురించి మనిషి ఏం చెప్తాడో ఊహించుకోండి.

అందుకని, మీవాడు రాజీనామా మెయిలు పెట్టిన రోజు కోపం రావడం సహజం. ఆ రోజు జవాబు రాయకండి. మర్నాడు పిలిచి, కాఫీ ఇప్పించి, "ఎందుకు వెళ్తున్నావు? మేం ఏం చేసి ఉంటే ఉండేవాడివి?" అని అడగండి. క్లయింటుకి ఇన్‌వాయిస్ పంపండి. లెటరు ఆఖరిరోజున చేతిలో పెట్టండి. అతను చెప్పిన కారణం మాత్రం ఎక్కడన్నా రాసిపెట్టుకోండి. పక్క సీట్లో ఉన్నవాడి మనసులో కూడా అదే ఉండి ఉండొచ్చు, అతనింకా మీ దగ్గరే ఉన్నాడు.